వాళ్ళు గెలిస్తే నాకు రిలీజు

క్వీన్స్‌లాండ్ అనే చోటుని నేను మూడేళ్ళపాటు తిట్టాను. ఎప్పుడూ చూసింది లేదు, చూసే యోగమూ లేదు. ఆస్ట్రేలియా మ్యాపులో కుడివైపు పైన ఉంటుందనీ, అక్కడ బొగ్గు గనులున్నాయనీ, అక్కడివాళ్ళు మే నెలలో ఒక శనివారం ఓట్లు వేసి నా కాపురం ముంచారనీ మాత్రం తెలుసు. దోహాలో బతికే గుడివాడ వైపు మనిషికి క్వీన్స్‌లాండ్‌తో పగేమిటని ఎవరైనా అడుగుతారేమోనని ఇన్నాళ్ళూ నోరెత్తలేదు. ఇప్పుడు చెప్తాను. సిగ్గు ఎప్పుడో పోయింది, కోపమే పోలేదు.

నేను ప్లానింగ్ ఇంజనీరుని. దోహా శివారు అల్ తుమామాలో ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు స్టేడియం లేస్తున్న రోజుల్లో, దాని చుట్టూ రోడ్లూ వాననీటి పైపులూ వేసే కంపెనీలో ఉండేవాణ్ణి. ఏ పని ఎప్పుడు మొదలవ్వాలి, ఏది ఆగితే ఏది ఆగుతుంది, ఇదీ నా డ్యూటీ. కానీ నా ఖతర్ ఐడీ కార్డు మీద వృత్తి దగ్గర తాపీమేస్త్రీ అని ఉండేది. నన్ను తెచ్చుకున్నప్పుడు కంపెనీ దగ్గర ఇంజనీరు వీసాలు అయిపోయి మేస్త్రీ వీసాలు మిగిలాయట. ‘వచ్చాక మార్చేస్తాం’ అన్నారు. గల్ఫుకొచ్చే ప్రతివాడి చెవిలో పెట్టే పువ్వే అది, నా చెవిలోనూ పెట్టారు. తాపీ పట్టుకోవడం కూడా రాని నేను కార్డు మీద మేస్త్రీనై కూర్చున్నాను.

దాంతో వచ్చిన చిక్కేమిటంటే, మేస్త్రీకి ఫ్యామిలీ వీసా ఇవ్వరు. మా ఆవిడ గుడివాడలో ఒక ప్రైవేటు స్కూల్లో ఫిజిక్స్ చెప్పేది. పాపకి అప్పుడు నాలుగో ఏడు. ఇక్కడి అబూ హమూర్‌లో ఉన్న ఒక ఇండియన్ స్కూలు వాళ్ళు ఫోన్లో ఇంటర్వ్యూ చేసి ఆవిడని తీసుకుంటామన్నారు. వేసవి సెలవులయ్యాక, సెప్టెంబరులో బడి తెరిచేనాటికి భర్త స్పాన్సర్‌షిప్ మీద ఇక్కడ ఉండాలి, అదొక్కటే షరతు. అదే సమయానికి ఇంకో కన్సల్టెన్సీ వాళ్ళు నన్ను ఇంజనీరు వీసా మీద తీసుకోవడానికి ఒప్పుకున్నారు. జూన్ దాకా ఆగుతామన్నారు. అన్నీ అలా వరసగా అమరడం నా జీవితంలో అంతకుముందు ఎప్పుడూ లేదు.

మిగిలింది రిలీజు ఒక్కటే. ఆ రోజుల్లో ఇక్కడ కాంట్రాక్టు మధ్యలో కంపెనీ మారాలంటే, ఉన్న కంపెనీ ‘మాకు అభ్యంతరం లేదు’ అని కాగితం ఇవ్వాలి. దాన్నే అందరూ రిలీజు అనేవాళ్ళు. నా కాంట్రాక్టు అయిదేళ్ళు, సగమే అయింది. ఆ కాగితం మీద మా ప్రాజెక్టు మేనేజరు సంతకం పెడితే హెచ్ఆర్ వాళ్ళు ముద్ర వేస్తారు. ఆయన పెట్టకపోతే మాఫీ, అరబ్బీలో లేదు పొమ్మనడం. అంతే సంగతి.

మా మేనేజరు ఆస్ట్రేలియావాడు, మెల్‌బోర్న్ మనిషి. మనిషి చెడ్డవాడంటే అబద్ధమవుతుంది. ఎవరి మీదా అరిచేవాడు కాదు, టీ తెచ్చే మనిషికి కూడా థాంక్స్ చెప్పేవాడు. వాళ్ళ నాన్న ఓడరేవులో యూనియన్ నాయకుడట. ఈయన కాలేజీ రోజుల నుంచీ ఒకే పార్టీ. ఆ పార్టీ అప్పటికి ఆరేళ్ళుగా ప్రతిపక్షంలో ఉంది. ఈ మేలో గెలవబోతోందని సర్వేలన్నీ చెప్తున్నాయని, ఎండ నలభై దాటుతున్న సైటులో నిలబడి కూడా అదే మాట్లాడేవాడు.

మార్చిలో నేను కాగితం టైపు చేయించుకుని ఆయన గదికి వెళ్ళాను. అంతా విన్నాడు. మా పాప ఫోటో చూపించమని చూశాడు. తర్వాత తాపీగా చెప్పాడు. ‘నేనిక్కడ ఉన్నంతకాలం నిన్ను వదల్లేను, ఈ షెడ్యూలు నీకు తప్ప ఎవరికీ తెలీదు. కానీ మేలో మావాళ్ళు గెలుస్తారు. గెలిస్తే నేను వెళ్ళిపోతాను, అక్కడ రైలు ప్రాజెక్టుల్లో పని సిద్ధంగా ఉంది. నా తర్వాత వచ్చేవాడు తన మనుషుల్ని తెచ్చుకుంటాడు. కాబట్టి ఫలితం వచ్చిన రోజే నీ కాగితం మీద సంతకం పెట్టేస్తాను.’ కాగితం తీసి తన సొరుగులో పెట్టుకున్నాడు.

నాకు పట్టరాని సంతోషమేసింది. మా వైపు ఎమ్మెల్యే గెలిచిన రోజు సాయంత్రం ఇంటిముందు చూడాలి. ఏడాదంతా గేటు దాటనివ్వనివాళ్ళు కూడా దండలు పట్టుకుని లోపలికి వెళ్ళిపోతారు. ఎప్పటినుంచో ఆగిన బదిలీ కాగితం, పింఛను కాగితం, ఏది చేతికిస్తే దాని మీద ఆయన సంతకం గీకేస్తాడు. గెలిచినవాడు ఆ పూట ఎవర్నీ కాదనడు. నేను పుట్టి పెరిగింది ఆ గాలిలో. కాబట్టి ‘గెలిచిన రోజు’ అనగానే పని అయిపోయిందనే అనుకున్నాను. మా ఆవిడకి ఫోన్ చేసి పాస్‌పోర్టులు సిద్ధం చేసుకోమన్నాను.

నాతోపాటు దోహా నడిబొడ్డున ఫరీజ్ బిన్ మహమూద్‌లో ఒకే గదిలో ఉండే తమ్ముడొకడు ఉండేవాడు. సొంత తమ్ముడు కాదు, జగిత్యాల వైపు వాడు, మా సైటులోనే స్టోర్ కీపరు. వాడికి ఈ సంగతి చెప్తే అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి నా మొహంకేసి చూశాడు.

‘గాడ ఎవ్వడు గెలుస్తే మనకేందన్నా? తెల్లోడు పెట్టేటోడైతే ఇయ్యాల్నే పెడ్తుండె. ఎలచ్చన్లయినంక పెడ్తా అనుడేంది?’

‘నీకు తెలీదురా. ఆయన వెళ్ళిపోతే నన్ను పట్టుకుని వేలాడే అవసరం ఆయనకేముంటుంది?’

‘మీ ఆంధ్రోళ్ళకు ఎలచ్చన్లంటె తిండి గూడ అక్కర్లే’ అని వాడు మళ్ళీ అన్నంలో చెయ్యి పెట్టాడు. తర్వాత ఏప్రిల్లో మా రాష్ట్రంలో ఓట్లు వేసేసి పెట్టెల్లో పెట్టారు, ఫలితం మే చివర్లో. మావాళ్ళు ఆ పెట్టెల గురించే తెల్లార్లూ కొట్టుకుంటున్నారు. నేనొక్కణ్ణే ఆ గోల వదిలేసి ఆస్ట్రేలియా ప్రతిపక్షానికి ఏజెంటునయ్యాను. నవ్వుతారని తెలుసు. నవ్వండి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మా మేనేజరు ప్లానింగ్ గదిలోకి వచ్చి, నేను బార్ చార్టులు గీసే తెల్లబోర్డు మీద తమ పార్టీ విధానాలు గీసేవాడు. రెండో ఇల్లు, మూడో ఇల్లు కొని అద్దెకిచ్చి, దాని మీద నష్టం చూపించి జీతం మీద పన్ను తగ్గించుకుంటారట అక్కడ. అందుకే కుర్రాళ్ళకి ఇళ్ళు దొరకడం లేదట. ఇకనుంచి కొత్తగా కట్టిన ఇళ్ళకే ఆ వెసులుబాటు ఉంటుందని వీళ్ళ పార్టీ చెప్పింది. షేర్లున్న రిటైరైనవాళ్ళకి, వాళ్ళు కట్టని పన్ను కూడా ప్రభుత్వం వాపసు ఇస్తోందట. అది ఆపేస్తామన్నారు. ఎవరి దగ్గర ఎంత తీసుకుంటారో, దాన్ని ఆస్పత్రులకీ పిల్లల బడులకీ ఎలా పెడతారో, ముందే పుస్తకంలా వేసి ఊరంతా పంచారు.

నాకు గుండెల్లో రాయి పడింది.

‘సార్, ఇవన్నీ ఓట్లకి ముందే చెప్పేశారా?’ అన్నాను.

‘చెప్పాలి కదా. చెప్పి గెలిస్తేనే చేసే హక్కు ఉంటుంది. దాచిపెట్టి గెలిస్తే గెలిచాక ఏమీ చెయ్యలేరు.’

‘మా వైపు ఇచ్చేది మైకులో చెప్తారు. తీసుకునేది గెలిచాక చూసుకుంటారు సార్.’

ఆయన హాయిగా నవ్వాడు. ‘అందుకేగా మీవాళ్ళంతా ఇక్కడికి వచ్చి పని చేస్తున్నది’ అన్నాడు.

ఒళ్ళు మండింది. మండినా పళ్ళు నూరుకుని ఊరుకున్నాను, సొరుగులో ఉన్న కాగితం ఆయనది కాదు, నాది. కాకపోతే ఆ మాట ఇప్పటికీ వదల్లేదు నన్ను. జనానికి అన్నీ ముందే చెప్పాలనే ఆ మనిషి ప్రాజెక్టులో, మాకు ఏదైనా ముందే చెప్పినవాడు ఒక్కడు లేడు. సెలవు ఎప్పుడో చెప్పరు, క్యాంపు ఎప్పుడు మారుస్తారో చెప్పరు, బస్సొచ్చి ఆగితే మూటలు ఎక్కించుకోవడమే. ఓటున్నవాళ్ళకి పుస్తకం వేసి చెప్తారు. మాకు యల్లా, అంటే పద పద, అంటారు.

బొగ్గు గని సంగతి మరీ అన్యాయం. క్వీన్స్‌లాండ్‌లో కొత్త గని ఒకటి తవ్వాలని గొడవ. గని వద్దంటే అక్కడి కూలీల ఓట్లు పోతాయి, కావాలంటే మెల్‌బోర్న్‌లో చదువుకున్నవాళ్ళ ఓట్లు పోతాయి. ప్రతిపక్షం వాళ్ళు అవుననలేదు, కాదనలేదు, గోడమీద పిల్లిలా కూర్చున్నారు. ఇళ్ళ విషయంలో అంత నిజాయితీగా నోరు విప్పినవాళ్ళు గని దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు నమిలారు. ‘ఏదో ఒకటి చెప్పెయ్యండి సార్’ అని నేను బతిమాలాను. ఆయన చేతిలో ఉన్నట్టు.

ఇక నేను సొంతంగా సర్వే మొదలుపెట్టాను. ఎలా అంటారా, మనవాళ్ళు చేసేట్టే. చుట్టాలకి ఫోన్లు. మెల్‌బోర్న్‌లో, సిడ్నీలో మనవాళ్ళకేం తక్కువ? పిన్నత్త కొడుకులు, కాలేజీ స్నేహితులు, స్నేహితుల తోడల్లుళ్ళు, నెంబరు దొరికిన ప్రతివాడికీ చేశాను. రెండు రాష్ట్రాల ఎన్నికల గురించి మాట్లాడి, మెల్లగా ‘అవునూ, మీ దగ్గర పరిస్థితెలా ఉంది’ అని దించేవాణ్ణి. అందరిదీ ఒకే మాట. ప్రతిపక్షమేనట, డౌటే లేదట. నేను లోపల్లోపల చంకలు గుద్దుకున్నాను. సగంమందికి అక్కడ ఓటే లేదని, ఇంకా పర్మినెంటు రెసిడెన్సీ మీదే ఉన్నారని అడగాలన్న బుద్ధి నాకు పుట్టలేదు. ఓటు లేకుండానే ఇంత గట్టిగా రాజకీయం మాట్లాడేవాళ్ళు మనవాళ్ళు కాక ఇంకెవరుంటారు. నేను మాట్లాడలేదా?

ఓటున్నవాళ్ళలో నాకు బాగా దగ్గరివాడు మా బావమరిది. మా ఆవిడకి తమ్ముడు, మెల్‌బోర్న్‌లో సాఫ్ట్‌వేరు. ఏడాది కిందటే పౌరసత్వం వచ్చింది. వాడికి మాత్రం దాచకుండా అంతా చెప్పాను. మీవాళ్ళు గెలిస్తే మా మేనేజరు వెళ్ళిపోతాడు, ఆయన వెళ్తే నాకు రిలీజు, రిలీజు వస్తే మీ అక్కా పాపా ఇక్కడికి వస్తారు అని.

‘టెన్షన్ పడకండి బావా. ఈసారి ప్రతిపక్షమే. మా వీధిలో అందరూ అదే అంటున్నారు’ అన్నాడు.

‘నీ ఓటు?’

‘అడగాలా బావా’ అన్నాడు నవ్వుతూ.

మా ఆవిడ మాత్రం మే వచ్చేసరికి ఫోన్లో పెద్దగా మాట్లాడేది కాదు. నేను సర్వేలు చెప్తుంటే ఊఁ కొట్టేది. పాస్‌పోర్టు ఫోటోలు దిగారా అంటే ‘దిగుదాంలెండి’ అనేది. ఇల్లూ ఊరూ వదిలి రావాలి కదా, బెంగేమో అనుకున్నాను.

ఓట్ల శనివారం రంజాన్ మధ్యలో వచ్చింది. ఆ నెలలో డ్యూటీ సగమే. మధ్యాహ్నానికల్లా సైటు ఖాళీ అయింది. ఆస్ట్రేలియాలో అప్పటికే చీకటిపడి లెక్కింపు మొదలైంది. మేనేజరు తన గదిలో గోడమీద తెర వేసి, లాప్‌టాప్ తగిలించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నేను ఫరీజ్ బిన్ మహమూద్‌లో ఉన్న మిఠాయి దుకాణం నుంచి రెండు కేజీల మోతీచూర్ లడ్డూ తెచ్చి బల్లమీద పెట్టాను. మూత తియ్యకూడదు, ఉపవాసాల నెలలో పగటిపూట బయట ఎవరి ముందూ నోరాడించకూడదు కదా. సాయంత్రం మసీదులో బాంగు వినిపించాక తీద్దామనుకున్నాం. గెలుపెలాగూ వాళ్ళదే, కాసేపు ఆగితే ఏం పోయింది.

మొదటి గంట బాగానే ఉంది. మెల్‌బోర్న్ చుట్టుపక్కల ఆయన అనుకున్నట్టే వస్తున్నాయి. ఆయన ప్రతి సీటుకీ ఒక కథ చెప్తున్నాడు. తర్వాత క్వీన్స్‌లాండ్ మొదలైంది. ఒకటి పోయింది. ‘అది అనుకున్నదే’ అన్నాడు. ఇంకొకటి పోయింది. మూడోది, వీళ్ళ చేతిలో గట్టిగా ఉన్న సీటు, ఊగడం మొదలుపెట్టేసరికి ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. నాకు లెక్క అర్థం కావడానికి ఆయన మొహం చాలు. తెరమీద పెద్దమనిషి ఒకాయన, ఇన్నేళ్ళ సర్వేలు ఇలా ఎలా తప్పాయో అని నోరు వెళ్ళబెట్టి మాట్లాడుతున్నాడు. సొరుగు నాకు మూడడుగుల్లో ఉంది. అందులో నా కాగితం ఉంది.

‘సార్, ఇంకా ఉన్నాయిగా సీట్లు’ అన్నాను.

‘అయిపోయింది’ అన్నాడు.

తలుపు తోసుకుని మా జగిత్యాల తమ్ముడు వచ్చాడు, స్టోరు తాళాలివ్వడానికి. మా ఇద్దరి మొహాలూ చూశాడు, తాళాలు బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు. సాయంత్రం గదిలో నేను పడుకునుంటే వాడే లడ్డూల డబ్బా తీసుకెళ్ళి కింద ఫ్లోరులో ఉపవాసం విడుస్తున్న బంగ్లాదేశ్ వాళ్ళకి పంచి వచ్చాడు. ‘నేనప్పుడే చెప్తినా లేదా’ అని ఒక్కసారైనా అంటాడని చూశాను. అనలేదు. అంటే బాగుండేది, వాడి మీదైనా అరిచేవాణ్ణి.

మర్నాడు ఆదివారం, డ్యూటీ. మేనేజరు నన్ను పిలిచి నా కాగితం నాకిచ్చేశాడు. సంతకం లేదు.

‘నేనిక ఇక్కడే ఉండాలి, కప్పు అయ్యేదాకా. నిన్ను వదిలితే షెడ్యూలు ఏమవుతుందో నీకే తెలుసు. అర్థం చేసుకుంటావనుకుంటాను’ అన్నాడు.

‘సార్, ఒక్కసారి ఆలోచించండి. నా వైఫ్‌కి స్కూలు వాళ్ళు...’

‘నా చేతిలో ఏముంది’ అన్నాడు. ఆ సంతకం లోకంలో ఆయన ఒక్కడి చేతిలోనే ఉంది. తర్వాత కిటికీలోంచి బయటికి చూస్తూ, తన దేశపు జనం గురించి చెప్పడం మొదలుపెట్టాడు. అద్దెకిచ్చుకునే ఇల్లు, షేర్ల మీద వచ్చే ముక్క, గనిలో ఉద్యోగం, ఎవడిది వాడు చూసుకున్నాడట. పక్కవాడి పిల్లల గురించి ఆలోచించలేదట. జనం ఇంత స్వార్థపరులని అనుకోలేదట. నేను ఎదురుగా నిలబడి వింటున్నాను, సంతకంలేని కాగితం చేతిలో పట్టుకుని. ‘మరి మీరు చేసిందేమిటి సార్’ అన్న ఒక్క మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. మింగకపోతే ఏమయ్యేదో ఇప్పుడు అనుకుంటాను, అప్పుడు మాత్రం జూన్ దాకా ఇంకా రెండు వారాలుంది కదా, మెత్తబడతాడేమోనని ఆశ.

మెత్తబడలేదు. కన్సల్టెన్సీ వాళ్ళు వేరే మనిషిని తీసుకున్నారు. స్కూలు సంగతి మా ఆవిడని అడిగితే ‘అది అయిపోయిందిలెండి’ అంది. బావమరిది ఫోన్ చేసి పాపం చాలా బాధపడ్డాడు. ‘క్వీన్స్‌లాండ్ వాళ్ళు ముంచేశారు బావా’ అన్నాడు. అదిగో, అప్పట్నుంచి పట్టుకున్నాను క్వీన్స్‌లాండ్‌ని. ఆ పేరు టీవీలో వినబడితే ఛానెల్ మార్చేవాణ్ణి. ఆ బొగ్గు తవ్వుకునేవాళ్ళ నోట్లో మన్నుపడా అని నేను పెట్టిన శాపనార్థాలకి లెక్కలేదు.

ఆ మరుసటి ఏడు, కరోనా నడుస్తుండగానే, ఇక్కడ చట్టం మారింది. కంపెనీ మారాలంటే పాత కంపెనీ కాగితం అక్కర్లేదన్నారు. దేని కోసం నేను ఇంకో దేశపు ఓట్లు ఎదురుచూశానో, ఆ సంతకానికి ఇక చిత్తుకాగితం విలువ కూడా లేకుండా పోయింది. నేను నోటీసిచ్చి బయటపడ్డాను. కొత్త కంపెనీలో కార్డు మీద ఇంజనీరునయ్యాను. ఇప్పుడు రమ్మంటే, ఈలోగా మా ఆవిడకి అక్కడ గురుకుల పాఠశాలలో పర్మినెంటు ఉద్యోగం వచ్చింది. ‘ఇది వదిలేసి రమ్మంటారా’ అంది. దానికీ క్వీన్స్‌లాండ్‌నే తిట్టుకున్నాను. ఆ ఒక్క ఏడు తప్పకపోతే ఆవిడ అప్పుడే వచ్చేసి ఉండేది, ఈ ఉద్యోగం ఊసే ఉండేది కాదు కదా.

కప్పు ఇంక ఆరు నెలల్లో ఉందనగా ఆస్ట్రేలియాలో మళ్ళీ ఎన్నికలొచ్చాయి. అదే ప్రతిపక్షం. ఈసారి మాత్రం బుద్ధొచ్చింది. ఇళ్ళ జోలికి రామన్నారు, షేర్ల జోలికి రామన్నారు, పన్నుల పుస్తకం వెయ్యలేదు. వీలైనంత తక్కువ మాట్లాడారు. గెలిచారు. నేను ఆనాడు బోర్డు ముందు చెప్పింది ఇదే కదా, నవ్వాడు మహానుభావుడు. ఇంతా చేసి ఆయన వెళ్ళనేలేదు. ఆయన పార్టీ గెలిచినా ఆయన దోహాలోనే ఉన్నాడని, కప్పు తర్వాతి ప్రాజెక్టుకి కూడా సంతకం పెట్టాడని జగిత్యాల తమ్ముడు చెప్పాడు. ‘ఈడ టాక్స్ లేదు గదన్నా. జీతం ఫులూస్, పైసలు మొత్తం చేతికొస్తయి, గాడికెందుకు పోతడు?’ అన్నాడు. పన్నులు కట్టాలని బోర్డు నిండా గీసిన మనిషి పన్నులేని చోట హాయిగా స్థిరపడ్డాడు.

ఫలితం వచ్చిన రోజు మా బావమరిది మహా సంబరంగా ఫోన్ చేశాడు.

‘బావా, చూశారా? గెలిచేశాం. ఈసారి నేను కూడా వీళ్ళకే వేశాను.’

‘ఈసారి కూడానా, ఈసారేనా?’ అన్నాను, ఊరికే.

ఇంక దాచడానికేముందిలే అన్నట్టు చెప్పేశాడు. ‘పోయినసారి వెయ్యలేదు బావా. అప్పుడే రెండో ఇల్లు కొన్నాం కదా. ఉన్న ఇళ్ళకేం కాదని వాళ్ళు చెప్పారు గానీ, రేపు అమ్మబోతే కొనేవాడు దొరకడని మా ఏజెంటు ఒకటే భయపెట్టాడు. ఇక్కడ మనవాళ్ళం ఇళ్ళున్నవాళ్ళమంతా అలాగే వేశాం. పైకి ఎవరూ చెప్పుకోలేదు. అయినా నా ఒక్క ఓటుతో గెలిచేవాళ్ళా ఏంటి?’

గెలిచేవాళ్ళు కాదు. ఆ మాత్రం లెక్క నాకూ వచ్చు. కానీ మూడేళ్ళు నేనెవర్ని తిట్టాను? మొహం తెలియని గని కూలీల్ని. వాళ్ళ తిండి వాళ్ళు చూసుకున్నారు, నాకేమన్నా మాటిచ్చారా? మాటిచ్చినవాడు పండక్కి నేను కొనిచ్చిన బట్టలు కట్టుకున్నవాడు.

‘మీ అక్క గురించి నీకు చెప్పానుగా. నీ ఓటు గురించి అడిగితే నవ్వావు గదరా’ అన్నాను.

‘అక్కని అడిగే వేశాను బావా’ అన్నాడు.

ఫోన్ పెట్టేసి వెంటనే మా ఆవిడకి చేశాను. మధ్యాహ్నం, వేసవి సెలవులు, ఇంట్లోనే ఉంది. వెనక పాప టీవీ చూస్తున్న చప్పుడు.

‘మీ తమ్ముడు అప్పట్లో నిన్ను అడిగే ఓటు వేశాడటగా, నిజమేనా?’

ఆవిడ తడుముకోలేదు. ‘అడిగాడు. అక్కా, బావకేమో ఇలా చెప్పాను, నా ఇల్లేమో ఇలా ఉంది, ఏం చెయ్యనూ అని. నీ ఇల్లు నువ్వు చూసుకోరా అన్నాను.’

‘మరి మన సంగతి?’

‘పాపకి ఆ నెల టైఫాయిడ్ వచ్చింది, గుర్తుందా మీకు?’ అంది. ‘జ్వరం ఎంతుందో నేను చెప్తుంటే మీరు క్వీన్స్‌లాండ్ సర్వే చెప్పారు. కోపం రాలేదు నాకు. భయమేసింది. ఇంత చదువుకున్న మనిషి ఒక్క సంతకం కోసం ఎవళ్ళ దేశంలోనో ఓట్లు లెక్కపెట్టుకుంటున్నాడు, అలాంటి చోటికి పిల్లనేసుకుని ఎలా రాను అనిపించింది. వాడు నన్ను అడిగేనాటికే స్కూలు వాళ్ళకి రానని చెప్పేశాను. మీ రిలీజు వచ్చినా నేను వచ్చేదాన్ని కాదు.’

అటువైపు టీవీ కట్టేసిన చప్పుడు వినిపించింది. పాప ‘ఎవరమ్మా’ అని అడుగుతోంది. ‘నాన్న’ అని చెప్పింది.

‘నాకెందుకు చెప్పలేదు?’ అన్నాను.

‘చెప్తే, ఆశపడడానికి మీకు అక్కడ ఆ ఎన్నికలు కూడా ఉండేవి కాదుగా’ అంది.